రెండు సిమ్యులేషన్ రిపోర్టులు, రెండు జవాబులు: ముందు ప్యానెల్‌కి డై కొయ్యాలా, ఆగాలా?

ఆటోనగర్_నెల్లూరు
అందరికీ నమస్కారం. నెల్లూరు ఆటోనగర్‌లో మాది చిన్న ప్రెస్ వర్క్ షెడ్డు. ట్రాక్టర్ మడ్‌గార్డులు, లారీ టూల్‌బాక్సులు, బ్యాటరీ ట్రేలు చేస్తాం. 150 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్సు ఉంది, కింద కుషన్ (రేకుని కింది నుంచి ఒత్తిపట్టే ఏర్పాటు) లేదు. చెన్నై పార్టీ ఒకరు చిన్న ఎలక్ట్రిక్ సరుకుల బండికి ముందు ప్యానెల్ అడుగుతున్నారు. ముందు ప్రోటోటైపుకి 40 ముక్కలు, నచ్చితే తర్వాత పెద్ద ఆర్డరు. సైజు 450 × 250, లోతు 70 మి.మీ., నాలుగు మూలలూ 12 వ్యాసార్థం, రేకు 0.8 మి.మీ. సీఆర్ (కోల్డ్ రోల్డ్ స్టీలు).

డై (రేకుని నొక్కి ఆకారం తెచ్చే అచ్చు) కోసే ముందు కంప్యూటర్లో సిమ్యులేషన్ చేయిద్దామని ఇద్దరి దగ్గరికి పంపాను. మొదటి రిపోర్టులో ప్యానెల్ అంతా పచ్చగా ఉంది, ధైర్యంగా కొయ్యమన్నారు. రెండో రిపోర్టులో నాలుగు మూలలూ ఎర్రగా ఉన్నాయి, చిరుగుతుంది అన్నారు. డ్రాయింగ్ ఒకటే, రేకు ఒకటే. ఎవరి మాట పట్టుకుని డబ్బు పెట్టాలి? టెన్షన్‌గా ఉంది.

కావలి_క్యాడ్
అన్నా, నాది కావలి. చెన్నైలో ఫార్మింగ్ సిమ్యులేషన్ పనే చేస్తున్నాను. రంగుల బొమ్మలు పక్కన పెట్టండి. రెండు రిపోర్టుల్లోనూ ఇన్‌పుట్స్ పేజీ ఉంటుంది. మెటీరియల్ గ్రేడు, ఎన్ విలువ (సాగేకొద్దీ రేకు ఎంత గట్టిపడుతుందో చెప్పే అంకె), ఫ్రిక్షన్, డ్రా బీడ్లు (రేకు లోపలికి తేలిగ్గా జారకుండా పట్టే గట్లు), లెక్క ఒకే అడుగులో చేశారా దశలవారీగా చేశారా, ఇవి రాసి పెట్టండి. ఆ పేజీ లేకపోతే అడిగి తెప్పించుకోండి. అది లేని రిపోర్టుకి డబ్బు కట్టక్కర్లేదు.

ఆటోనగర్_నెల్లూరు
ఉన్నాయి మేడమ్.
మొదటిది: డీడీ గ్రేడు, ఎన్ 0.21, ఫ్రిక్షన్ 0.12, బీడ్లు లేవు, ఒకే అడుగు లెక్క. మూలలో మేజర్ స్ట్రెయిన్ (ఎక్కువ సాగిన దిక్కులో సాగుడు) 24 శాతం.
రెండోది: డీ గ్రేడు, ఎన్ 0.17, ఫ్రిక్షన్ 0.15, చుట్టూతా బీడు, దశలవారీ లెక్క. మూలలో 29 శాతం.
ఆ మూలల్లో మైనర్ స్ట్రెయిన్ (దానికి అడ్డంగా సాగుడు) సున్నాకి దగ్గరే అని రెండిట్లోనూ రాశారు.

కావలి_క్యాడ్
సరే, ఇప్పుడు విషయం తెలిసిపోయింది. వాళ్ళిద్దరూ ఒకే రేకు గురించి మాట్లాడటం లేదన్నా. ఇద్దరిలో ఎవరూ మీ రేకుని చూడనేలేదు. తమ సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ఉన్న గ్రేడు ఒకటి తీసుకుని లెక్క వేశారు.

రేకు ఎంత సాగితే చిరుగుతుందో చెప్పే గీతని ఫార్మింగ్ లిమిట్ కర్వ్ అంటాం. 1960లలో కీలర్, గుడ్‌విన్ వేసిన గీత అది. ఇప్పటికీ ప్రతి సాఫ్ట్‌వేర్‌లో పచ్చ, ఎరుపు రంగులు దాన్నిబట్టే వస్తాయి. మెత్తటి స్టీలుకి ఆ గీతలో అన్నిటికన్నా కింద ఉండే బిందువు ఎక్కడో పట్టుకోవడానికి ఒక లెక్క వాడతాం: మందాన్ని 14.13తో గుణించి 23.3 కలపాలి, వచ్చినదాన్ని ఎన్‌తో గుణించి 0.21తో భాగించాలి. ఎన్ 0.21 దాటితే మాత్రం ఈ లెక్కని నమ్మి పైకి పోకూడదు.

మీ 0.8 రేకుకి చూద్దాం. ఎన్ 0.21 అయితే 34.6 శాతం వస్తుంది. ఎన్ 0.17 అయితే 28 శాతమే. మామూలుగా గీతకి 10 శాతం కింద ఇంకో గీత గీసి, దాని లోపలే ఉండాలంటాం. కాబట్టి మొదటాయనకి సేఫ్ గీత 24.6 దగ్గర, ఆయనకి వచ్చిన స్ట్రెయిన్ 24. అందుకే పచ్చ, అదీ అంచు మీద. రెండాయనకి చిరిగే గీత 28 దగ్గర, వచ్చింది 29. అందుకే ఎరుపు. ఎవరి లెక్క వాళ్ళకి కరెక్టే.

ఇక ఒకే అడుగు లెక్క గురించి. చివరి ఆకారం నుంచి వెనక్కి లెక్కేసి చదును రేకు ఎంత కావాలో, ఎక్కడ పలచబడుతుందో సుమారుగా చెబుతుంది. కొటేషన్ వేయడానికి, బ్లాంక్ (నొక్కడానికి కోసుకున్న చదును రేకు) సైజు పట్టుకోవడానికి బాగుంటుంది. కానీ మధ్యదారిలో ముడత ఎప్పుడు లేచింది, బీడు మీదుగా రేకు ఎట్టా జారింది అనేది అందులో కనపడదు. డై కొయ్యడానికి అది ఒక్కటే ఆధారంగా పెట్టుకోవద్దు.

కోవూరు_డైమేకర్
నేను శ్రీపెరంబుదూరు దగ్గర డై షాపులో ట్రైఔట్ (కొత్త డైని నొక్కి చూసే పని) చూస్తాను. మేడమ్ చెప్పినదానికి ఒకటి కలుపుతా. రెండో రిపోర్టులో చుట్టూతా బీడు పెట్టారు చూడండి, అసలు గొడవ అక్కడుంది. మూలల్లో బీడు పెట్టకూడదు. మూలలోకి వచ్చే రేకు పక్కలనుంచి నొక్కుకుని మందమవుతుంది. ఆ మందం వల్ల బ్లాంక్ హోల్డర్ (రేకు అంచుని ఒత్తిపట్టే ప్లేటు) కింద అక్కడే ఎక్కువ బిగుసుకుంటుంది. దాని మీద బీడు కూడా పెడితే లోపలికి రాదు, పంచ్ (రేకుని డైలోకి నెట్టే భాగం) మూల దగ్గర సాగి సాగి చిరుగుతుంది. బీడ్లు నిటారు పక్కల మీదే వేసి, మూలకి రాకముందే సన్నగా ముగించాలి. బ్లాంక్ మూలల్ని కూడా ఏటవాలుగా కోసేస్తే ఇంకాస్త సులువుగా జారుతుంది.

ప్రెస్సు విషయం: పంచ్ చుట్టుకొలత 1400, మందం 0.8, స్టీలు బలం 320 మెగాపాస్కల్ అనుకున్నా నొక్కడానికి దాదాపు 36 టన్నులు కావాలి. బ్లాంక్ హోల్డర్‌కి అందులో మూడో వంతు కలుపుకోండి. మీ 150 టన్నులు ధారాళంగా చాలు. కుషన్ లేదన్నారు కాబట్టి డై కింద నైట్రోజన్ గ్యాస్ స్ప్రింగులు పెట్టుకోవాలి. 40 ముక్కలకి పాలీయురేథేన్ దిమ్మెలైనా సరిపోతాయి గానీ, అవి నొక్కేకొద్దీ బిగుస్తాయి. స్ట్రోకు చివర్లో హోల్డర్ ఒత్తిడి పెరిగిపోతుంది, సరిగ్గా చిరిగే సమయానికి. నన్నడిగితే గ్యాస్ స్ప్రింగులే.

డాలీ_సుత్తి
నేను ఆటోనగర్‌లో చాలాకాలం టింకరింగ్ చేసినవాణ్ణి. అంబాసిడర్ మడ్‌గార్డులు డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మె), సుత్తి పెట్టి చేత్తో లేపిన కాలం నుంచీ రేకు నాకు తెలుసు. 40 ముక్కలకి ఇంత లెక్కలెందుకు అని అడగను. ఎందుకంటే చేత్తో కొడితే 40 ముక్కలూ 40 రకాలుగా వస్తాయి, పార్టీ ఒప్పుకోడు. కానీ ఒక మాట. మీరంతా చిరుగుడు గురించే మాట్లాడుతున్నారు. ముందు ప్యానెల్ అంటే మధ్యలో చదునుగా ఉండే భాగం. అది సరిగ్గా సాగకపోతే బొటనవేలితో నొక్కగానే టక్కుమని లోపలికి పోయి, వదిలితే మళ్ళీ టక్కుమని బయటికొస్తుంది. అట్టాంటి ప్యానెల్ బండికెక్కిస్తే గతుకుల రోడ్డు మీద చప్పుడు ఆగదు, పెయింటు వేసినాక ఎండలో అల కనపడుతుంది. చిరిగిన ముక్కని అక్కడే పారేస్తాం. ఇది మాత్రం పార్టీ దాకా వెళ్ళి తిరిగొస్తుంది. మీ కంప్యూటర్ ఆ సంగతి చెబుతుందా?

కావలి_క్యాడ్
చెబుతుంది బాబాయ్, మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. రిపోర్టులో బూడిదరంగు ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. సాగుడు చాలని చోటు అది. పైకి కనపడే ప్యానెళ్ళకి మధ్యభాగంలో కనీసం 2 శాతం సాగాలన్నది మా దగ్గర కట్టుబాటు. అంతకన్నా తక్కువైతే రేకు గట్టిపడదు, మీరన్న టక్కు శబ్దం వస్తుంది, చిన్న దెబ్బకే సొట్ట పడుతుంది. అన్నా, మీ మొదటి రిపోర్టు ఇంకోసారి తెరిచి మధ్యలో ఎంతుందో చూడండి. బీడ్లు లేవు కాబట్టి ఒక శాతం కూడా ఉండదని నా అనుమానం.

ఆటోనగర్_నెల్లూరు
చూశాను మేడమ్. 0.6 అని ఉంది. పచ్చ రిపోర్టు కూడా పనికిరానిదే అన్నమాట!

కోవూరు_డైమేకర్
పనికిరానిదని కాదు, సగం పని చేసింది. నిటారు పక్కల మీద బీడ్లు వేస్తే రేకుని పట్టి ఉంచి మధ్యని సాగదీస్తాయి. మూలల్ని వదిలేస్తే అక్కడ చిరగదు. రెండిటికీ మందు ఒకటే.

ఒంగోలు_మాస్టారు
ఒంగోలులో మెకానికల్ పాఠాలు చెబుతాను. ఇక్కడిదాకా అందరూ బాగా చెప్పారు. కానీ మూల ప్రశ్న ఇంకా అట్లాగే ఉంది. మీ దగ్గరున్న రేకు ఎన్ విలువ ఎంత? 0.17నా, 0.21నా?

మిల్లు సర్టిఫికెట్‌లో ఈల్డ్ (రేకు శాశ్వతంగా సాగడం మొదలయ్యే బలం), టెన్సైల్, ఎలాంగేషన్, కెమిస్ట్రీ ఉంటాయి. ఐఎస్ 513 ప్రకారం గ్రేడు ఉంటుంది; డీ, డీడీ, ఈడీడీ అనేవి దాని పాత పేర్లు, వరసగా లోతుగా లాగడానికి ఇంకా అనువైన రేకులు. ఎన్, ఆర్ (పలచబడకుండా రేకు ఎంత నిలుస్తుందో చెప్పే అంకె) విలువలు మాత్రం సాధారణంగా అడిగితే తప్ప ఇవ్వరు. చిన్న వ్యాపారులు రెండు కాయిల్స్ షీట్లు ఒకే కట్టలో కలిపి అమ్మడం కూడా ఉంది. అందుకని పరీక్ష చేయించండి. రేకు నుంచి మూడు దిక్కుల్లో టెన్సైల్ ముక్కలు కోయించాలి: రోలింగ్ దిక్కు వెంబడి, 45 డిగ్రీల్లో, అడ్డంగా. అంచులు లేజర్‌తో కాకుండా మిల్లింగ్‌తో కోయిస్తే మేలు, వేడికి అంచు గట్టిపడదు. యూటీఎం (ముక్కని లాగి బలం కొలిచే యంత్రం) మీద ఎక్స్‌టెన్సోమీటర్ (సాగుడు కొలిచే పరికరం) పెట్టి లాగితే ఎన్ వస్తుంది. ముక్కని 15 శాతం దాకా లాగి ఆపి, వెడల్పు, పొడవు కొలిస్తే ఆర్ వస్తుంది. మందం విడిగా కొలవక్కర్లేదు, ఘనపరిమాణం మారదు కాబట్టి లెక్కలో తేలుతుంది. ఆర్ సగటు ఎంత ఎక్కువైతే లోతు డ్రాయింగ్‌కి అంత మంచిది, ఎందుకంటే రేకు పలచబడటానికి బదులు వెడల్పులో నుంచి ఇస్తుంది.

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో యూటీఎం ఉంటుంది గానీ, సన్న రేకు పట్టే గ్రిప్పులు ఉన్నాయా అని ముందు కనుక్కోండి. లేదంటే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, 1968 నుంచి హైదరాబాద్ బాలానగర్‌లో నడుస్తోంది, విజయవాడలోనూ శాఖ ఉంది. వాళ్ళని అడగొచ్చు. పరీక్ష ఖర్చు డై ఖర్చు పక్కన లెక్కలోకే రాదు.

సింగరాయకొండ_విద్యార్థి
మాస్టారూ, మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. ఫైనలియర్ ప్రాజెక్టుకి నేను ఇదే చేద్దామనుకుంటున్నా. ఆటోఫార్మ్, పామ్‌స్టాంప్ లాంటి ఫార్మింగ్ సాఫ్ట్‌వేర్లు కొనే స్థితి కాలేజీకి లేదు. ఉచితంగా ఏమైనా ఉందా?

కావలి_క్యాడ్
ఉంది తమ్ముడూ. ఓపెన్‌రేడియోస్ అని 2022లో ఆల్టెయిర్ వాళ్ళు సోర్స్‌తో సహా బయటపెట్టారు. ఎల్‌ఎస్-డైనాకి కూడా విద్యార్థుల వెర్షన్ ఉంది, మోడల్ సైజుకి పరిమితి ఉంటుంది. కాకపోతే రెండిట్లోనూ బ్లాంకు, పంచ్, డై, హోల్డర్ మెష్ (లెక్క కోసం ఆకారాన్ని చిన్న గళ్ళుగా విడగొట్టినది) అన్నీ నువ్వే కట్టుకోవాలి. ఫార్మింగ్ సాఫ్ట్‌వేర్‌లో లాగా బటన్ నొక్కితే బీడు రాదు. నేర్చుకోవడానికి అదే మంచిది.

నేరుగా ప్యానెల్ మీద పడొద్దు. 1993 న్యూమిషీట్ అనే రేకు ఫార్మింగ్ సదస్సులో పెట్టిన చదరపు కప్పు సమస్యతో మొదలుపెట్టు. 150 మి.మీ. చదరపు బ్లాంకు, 70 మి.మీ. చదరపు పంచ్, మెత్తటి స్టీలు 0.78 మందం, 40 మి.మీ. లోతు. ప్రయోగం ఫలితాలు ప్రచురితమై ఉన్నాయి కాబట్టి నీ జవాబు పక్కన పెట్టి చూసుకోవచ్చు. అందులో మూల నుంచి రేకు ఎంత లోపలికి వచ్చిందో సరిపోలితే, అప్పుడు అన్న ప్యానెల్ మీదికి రా.

ఎక్స్‌ప్లిసిట్ సాల్వర్‌లో (అతి చిన్న కాలపు అడుగులతో లెక్కేసేది) పంచ్‌ని నిజం వేగంతో దింపితే లెక్క ఎప్పటికీ పూర్తికాదు, వేగం పెంచుతాం. కానీ కైనెటిక్ ఎనర్జీ (కదలిక శక్తి) ఇంటర్నల్ ఎనర్జీలో (రేకు సాగడానికి పట్టిన శక్తి) 5 శాతం దాటకుండా చూసుకో. దాటిందంటే రేకు సాగటం లేదు, ఎగురుతోందని అర్థం. డై వ్యాసార్థం చుట్టూ కనీసం ఐదారు ఎలిమెంట్లు (మెష్ గళ్ళు) ఉండాలి. స్ప్రింగ్‌బ్యాక్ (నొక్కి వదిలాక రేకు కొంత వెనక్కి తెరుచుకోవడం) చూడాలంటే మందంలో ఏడు ఇంటిగ్రేషన్ పాయింట్లు (లెక్క కట్టే బిందువులు) పెట్టు.

ఒంగోలు_మాస్టారు
ప్రాజెక్టుగా చేస్తే ఒక్క సిమ్యులేషన్‌తో ఆపొద్దు నాయనా. రేకు మీద చిన్న చిన్న వృత్తాలు వేసి నొక్కితే అవి అండాకారంలోకి మారతాయి. పొడవాటి అక్షం మేజర్ స్ట్రెయిన్, పొట్టిది మైనర్. 2.5 మి.మీ. వృత్తాలైతే మూలల్లో బాగా తెలుస్తుంది. పద్ధతి ప్రకారం ఎలక్ట్రోకెమికల్ ఎచింగ్ (కరెంటుతో రేకు మీద గుర్తులు వేయడం) చేస్తారు. అది దొరక్కపోతే పెళ్ళికార్డులు వేసే స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ళ చేత వేయించినా పనవుతుంది. బీడు, డై అంచు తగిలేచోట ఇంకు చెరిగిపోతుంది, అది గుర్తుంచుకో.

ఆటోనగర్_నెల్లూరు
తమ్ముడూ, నీ ప్రాజెక్టుకి మా ప్యానెలే పెట్టుకో. ట్రైఔట్ ముక్కలు నేనిస్తా, వృత్తాలు నువ్వు వేసుకురా. సింగరాయకొండలో పినాకిని రైలు ఎక్కితే నేరుగా నెల్లూరే కదా.

ఇంకో సందేహం. 40 ముక్కలకి డై దేంతో చెయ్యాలి? ఒకాయన త్రీడీ ప్రింటింగ్ అంటాడు, ఒకాయన రెజిన్ అంటాడు. మా పక్క షెడ్డాయన సీఎన్‌సీలో గుండ్రటి మొన టూలు పెట్టి రేకుని వరసలు వరసలుగా నొక్కితే డై అసలే అక్కర్లేదంటున్నాడు.

కోవూరు_డైమేకర్
ఆ మూడోది ఇంక్రిమెంటల్ ఫార్మింగ్. మంచి పద్ధతే, కానీ మీ ప్యానెల్‌కి కాదు. అందులో గోడ ఎంత నిటారైతే రేకు అంత పలచబడుతుంది. 60 డిగ్రీల వాలుకే మందం సగమవుతుంది, మీ 0.8 కాస్తా 0.4. మీ గోడలు అంతకన్నా నిటారు.

రెజిన్, ప్రింటింగ్ డైలు మెత్తటి అల్యూమినియానికి, తక్కువ ముక్కలకి పనికొస్తాయి. మీ స్టీలుకి డై అంచు, బీడు దగ్గర త్వరగా అరుగుతాయి. నా ఓటు జింక్ పోతకే. కిర్క్‌సైట్ అంటారు, జింకులో 4 శాతం అల్యూమినియం, 3 శాతం రాగి. 380 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ఇసుక అచ్చులో పోసి, పైన కొద్దిగా మిల్లింగ్ చేసుకుంటే చాలు. బీడు దగ్గర, డై అంచు మూలల్లో స్టీలు ముక్కలు బిగించండి. పనైపోయాక మళ్ళీ కరిగించి ఇంకో డై పోసుకోవచ్చు. పెద్ద ఆర్డరొస్తే అప్పుడు కాస్ట్ ఐరన్‌కి వెళ్ళండి. ట్రిమ్మింగ్‌కి డై చెయ్యొద్దు, అంచులు లేజర్‌లో కోయించండి.

ఒంగోలు_మాస్టారు
పోత పోసేచోట ఒక జాగ్రత్త. పాత బ్యాటరీ సీసం కరిగించిన మూసలో జింక్ పొయ్యొద్దు. సీసం, తగరం ఏ కొంచెం కలిసినా జింక్ మిశ్రమం గింజల మధ్య నుంచి తుప్పు పట్టి కొన్నాళ్ళకి పగుళ్ళిస్తుంది. మనది సముద్రపు గాలి, ఇంకా తొందరగా పాడవుతుంది. వేడి ఎక్కువైతే పొగ లేస్తుంది, అది పీలిస్తే జ్వరం వస్తుంది. గాలి ఆడేచోట పొయ్యమనండి. గట్టిపడేటప్పుడు ఒక శాతానికి కాస్త పైన కుంచించుకుంటుంది, ప్యాట్రన్ (ఇసుక అచ్చు తీసే నమూనా) అంత పెద్దది చెయ్యాలి.

డాలీ_సుత్తి
సముద్రపు గాలి అన్నారు కాబట్టి చెబుతున్నా. సీఆర్ షీట్లు తెచ్చి షెడ్డులో గోడకి ఆనించొద్దు. నూనె రాసి, ప్లాస్టిక్ చుట్టి, నేలకి ఎత్తున పెట్టండి. తుప్పు చుక్క ఉన్నచోట డైలో గీత పడుతుంది, ఆ గీత తర్వాతి ముక్కలన్నిటి మీదా అచ్చవుతుంది. బ్లాంకు కోసిన అంచున బర్ర్ (కోత దగ్గర లేచిన గరుకు) ఉంటే ఆకురాయితో రుద్దెయ్యండి, వదలొద్దు.

ఆటోనగర్_నెల్లూరు
అందరికీ అప్‌డేట్. మాస్టారి పుణ్యమా అని పరీక్ష అయిపోయింది. ఈల్డ్ 195 మెగాపాస్కల్, ఎన్ 0.19, ఆర్ సగటు 1.3. అమ్మినాయన డీడీ అనే ఇచ్చాడు. ఇప్పుడెట్టా?

కావలి_క్యాడ్
ఇద్దరి మధ్యలో పడిందన్నమాట. 0.19కి చిరిగే గీత 31.3, సేఫ్ గీత 21.3. అంటే మీ అసలు డిజైన్‌లో 24 వచ్చినా, 29 వచ్చినా వెంటనే చిరగదు గానీ, ముక్క ముక్కకీ భయమే. ఒక షీటు గట్టిగా వచ్చినా, నూనె ఒకచోట తక్కువైనా పోతుంది.

మీ ఫైలు తీసుకుని దశలవారీగా మళ్ళీ నడిపాను. కోవూరు అన్న చెప్పినట్టు బీడ్లు నిటారు పక్కలకే పెట్టాను, బ్లాంకు మూలలు కోశాను, మూల వ్యాసార్థం 12 నుంచి 18 చేశాను, ఫ్రిక్షన్ 0.15 అనే ఉంచాను. మూలలో 19 వచ్చింది. ఆ చోట మైనర్ సున్నా అనుకుంటే మందం 0.67 దాకా దిగుతుంది, పర్వాలేదు. మధ్యలో సాగుడు 2.3 శాతం, బాబాయ్ చెప్పిన టక్కు శబ్దం రాకూడదు. వ్యాసార్థం 18కి పార్టీ ఒప్పుకోవాలి. పక్కన హెడ్‌లైట్ బిగించే చోటు అడ్డొస్తే ఆ ఒక్క మూల 16 దాకా తగ్గించొచ్చు. అంతకన్నా దిగితే ఈడీడీ రేకు తెప్పించుకోవడం నయం.

ఆటోనగర్_నెల్లూరు
పార్టీతో ఫోన్లో మాట్లాడాను. 18కి ఒప్పుకున్నారు, హెడ్‌లైట్ దగ్గర ఇబ్బంది లేదట. జింక్ డైకి కూడా సరే అన్నారు. గోడలు వెనక్కి తెరుచుకునే సంగతి మాత్రం అడిగారు. పక్క ప్యానెల్‌తో గ్యాప్ సమానంగా ఉండాలంట.

కావలి_క్యాడ్
స్ప్రింగ్‌బ్యాక్ ఈల్డ్ బలం పెరిగేకొద్దీ పెరుగుతుంది. మీది 195, మెత్తటి రేకు, భయపడేంత ఉండదు. అదే డీపీ600 లాంటి గట్టి స్టీలు అయితే ఇంకో కథ. అల్యూమినియం అయితే ఇంకా ఎక్కువ, దాని యంగ్స్ మాడ్యులస్ (సాగకుండా ఎదురునిలిచే బిగువు) స్టీలులో మూడో వంతే. నా లెక్కలో మీ గోడ ఒకటిన్నర డిగ్రీ తెరుచుకుంటోంది. కానీ పలచబడటాన్ని నమ్మినంతగా ఈ అంకెని నమ్మకండి. డై గోడలో ఒక డిగ్రీ మాత్రమే ముందుగా లోపలికి ఇవ్వండి. ట్రైఔట్ ముక్క కొలిచాక మిగిలింది సరిచేద్దాం.

కోవూరు_డైమేకర్
సరిచేసే వైపు లోహం మిగిలి ఉండేట్టు చూసుకోండి. జింక్ గీకి తీసెయ్యడం తేలిక, మళ్ళీ చేర్చడం కష్టం.

సింగరాయకొండ_విద్యార్థి
అన్నా, ప్రాజెక్టుకి మా సారు ఒప్పుకున్నారు. స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ళు 2.5 మి.మీ. వృత్తాలు వేస్తామన్నారు. పంచ్ తగిలే వైపు వెయ్యమంటారా, బయటి వైపా?

ఒంగోలు_మాస్టారు
పంచ్ వైపే వెయ్యి. అటువైపు రేకు పంచ్ మీద పెద్దగా జారదు, బయటి వైపేమో డై అంచు మీద రాసుకుంటూ వస్తుంది. ఆరాక కొంచెం వేడి చూపిస్తే ఇంకు గట్టిగా పడుతుంది.

ఆటోనగర్_నెల్లూరు
చివరిగా ఒకటి. మూలల్లో పాలిథీన్ కవరు పెట్టి నొక్కితే రేకు బాగా జారుతుందని మా కుర్రాళ్ళు అంటున్నారు. పెట్టొచ్చా?

కోవూరు_డైమేకర్
పెట్టొచ్చు, చాలామంది పెడతారు, బాగా జారుతుంది కూడా. కానీ మొదటి ఐదు ముక్కలూ మామూలు డ్రాయింగ్ నూనెతోనే నొక్కండి. మేడమ్ లెక్క వేసింది 0.15 ఫ్రిక్షన్‌కి. కవరు పెడితే అది బాగా పడిపోతుంది, మూల చిరగదు గానీ మధ్యలో సాగుడు కూడా తగ్గిపోవచ్చు. నూనెతో వచ్చిన ముక్కల మీద తమ్ముడు వృత్తాలు కొలిచాక, మూలలో నిజంగా 21 దాటుతుంటే అప్పుడు ఆ మూలకి మాత్రమే కవరు పెట్టండి. నిటారు పక్కల బీడ్ల మీద మాత్రం వద్దు. కొలతలు ఇక్కడే పెట్టండి, మేడమ్ అంకెల పక్కన పెట్టి చూద్దాం.